తుంగ తీసిన వానాకాలం

తుంగ పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గడ్డి మీద కోపమేమిటయ్యా అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నా కోపం గడ్డి మీద కాదు, వానాకాలమంతా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ గడ్డి తీయించిన మనిషి మీద. ఆయన ఇంటి ముందు నుంచి ఇప్పుడు రోజూ బస్సులో వెళతాను. ఆ మలుపు వచ్చేసరికి నాకు ఎక్కడ లేని నిద్ర ముంచుకొస్తుంది.

ఆ మనిషి మా మామయ్య, అంటే మా ఆవిడ తండ్రి. ప్రెస్సులో జీవితమంతా ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. ఎవరైనా పెళ్ళి కార్డు చేతికిస్తే ముందు పెళ్ళికూతురి పేరు చదవడు, అచ్చుతప్పు వెతుకుతాడు. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఒక్కగానొక్క కూతురు, ప్రెస్సు కాలనీలో ఒక ఇల్లు, ఇంటి ముందు నాలుగు మంచాలు వేసేంత పచ్చిక. పెళ్ళైన కొత్తలో, వేరే ఇల్లు దొరికేదాకా ఇక్కడే ఉండండి అన్నాడు. దొరికేదాకా అన్న మాట అలాగే ఉండిపోయింది, నేనూ అక్కడే ఉండిపోయాను. పేరుకు అల్లుణ్ణి. ఆ ఇంట్లో చెప్పులు విడిచే చోటు కూడా ఆయన చూపించిందే. ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో ఆయన ఇష్టం, వీధి తలుపు ఎప్పుడు మూయాలో ఆయన ఇష్టం. అలాగని ఏ రోజూ ఒక్క మాట తూలలేదు. నన్ను "మీరు" అనే పిలిచేవాడు. ఆ పిలుపు వింటే నేను నిన్న రాత్రి దిగిన చుట్టాన్నేమో అనిపించేది.

నేను బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్‌ని. మా ఆవిడ మందుల షాపులో పనిచేసేది. మధ్యాహ్నం వెళితే షాపు మూసేదాకా అక్కడే, అందుకని పొద్దున్న ఆలస్యంగా లేచేది. వారంలో ఒక్క సెలవు రోజు తప్ప మేమిద్దరం మొహాలు చూసుకుని మాట్లాడుకునేది రాత్రి భోజనం దగ్గరే.

ఆ వేసవి చివర్లో పచ్చిక ఒక పక్క కుంగిందని, వాన నీళ్ళు నిలుస్తాయని మామయ్య ఒక బండెడు మట్టి తెప్పించాడు. ఎక్కడో పునాదులు తవ్వుతుంటే వచ్చిన మట్టి. నల్లగా, మెత్తగా, చూడముచ్చటగా ఉంది. నేనే పార పట్టుకుని పరిచాను. మొదటి వాన పడిందో లేదో ఆ మూల పచ్చబడింది. మట్టిలో సారముందని మామయ్య మురిసిపోయాడు. నాలుగు రోజులు పోయాక ఆ పచ్చదనం మిగతా గడ్డి కంటే జానెడు ఎత్తు లేచి నిలబడింది. ఆకు నిగనిగలాడుతూ నిటారుగా ఉంది. మామయ్య ఒక పోచ తెంపి, కాడను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. అది గుండ్రంగా లేదు, మూడు పలకలుగా ఉంది. అప్పుడు ఆయన మొహం చూడాలి. పుస్తకం బజారులోకి వెళ్ళిపోయాక అట్ట మీద తప్పు కనబడినట్టు అయిపోయాడు. తుంగ అన్నాడు, అంతే, లోపలికి వెళ్ళిపోయాడు.

తుంగ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. కలుపే కదా, పీకితే పోతుందనుకున్నాను. పీకితే చక్కగా ఊడి చేతికొచ్చింది. రెండు రోజులకు పీకిన చోటే ఒకటికి రెండు లేచాయి. దాంతో నాలోని మెకానిక్కుకు రోషం వచ్చింది. ఫ్యాక్టరీ దగ్గరున్న మొక్కల నర్సరీ వాణ్ణి బతిమాలి చిన్న దున్నే మిషను తెచ్చాను. సెలవు రోజున మామయ్య బజారుకు వెళ్ళి వచ్చేలోపు ఆ మూలంతా అడ్డంగా నిలువుగా దున్ని, ఉత్సాహం పట్టలేక పచ్చిక మధ్యదాకా గుల్ల చేసి, ఎత్తుపల్లాలు లేకుండా మట్టిని అటూ ఇటూ సర్దేశాను. మామయ్య వచ్చి చూసి గట్టు మీద కూలబడ్డాడు.

ఎందుకు కూలబడ్డాడో తర్వాత తెలిసింది. తుంగకు నేల కింద సన్నటి తీగకు గుచ్చినట్టు నల్లటి గడ్డలుంటాయి. పైన పీకితే ఆకు వస్తుంది, గడ్డ ఉండిపోతుంది. తీగ తెగిందా, అప్పటిదాకా నిద్రపోతున్న ప్రతి గడ్డా తన బతుకు తాను బతుకుతానని మొలుస్తుంది. నేను మిషను పెట్టి తీగలన్నీ తెగ్గొట్టి, గడ్డలన్నీ విత్తనాలు చల్లినట్టు చల్లేశానన్నమాట. పక్షం తిరక్కుండా పచ్చికంతా తుంగే. పక్కింటి డ్రైవరు గోడ మీదుగా చూసి, ఏం పంట వేశారండీ అని అడిగాడు. మందు కొట్టిస్తానని కూడా అన్నాడు. మామయ్య ఒప్పుకోలేదు. దానివల్ల మంచి గడ్డీ మాడిపోతుంది, ఇది ఆకు ఎండినట్టే ఎండి అడుగు నుంచి మళ్ళీ లేస్తుంది అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వే నాటావు, నువ్వే తీయాలి. పక్కన నేనూ కూర్చుంటాలే."

నువ్వు అన్నాడు. తిట్టడానికే అన్నా, నువ్వు అన్నాడు. ఇన్నాళ్ళకు ఆ ఇంటి మనిషినయ్యానని లోలోపల పొంగిపోయాను. ఎంత వెర్రివాణ్ణో.

అలా మొదలైంది. పొద్దున్నే, నేల ఇంకా తడిగా ఉండగానే చేయాల్సిన పని అది. ఎండెక్కితే మట్టి బిగుసుకుని తీగ తెగుతుంది. ఇద్దరం చెరో పీటా వేసుకుని కూర్చునేవాళ్ళం. ఇంట్లో ఉన్న కలుపు తీసే బొరిగె మరీ వెడల్పుగా ఉండి తీగను కోసేస్తోందని, నేను ఫ్యాక్టరీలో పారేసిన పొడుగాటి స్క్రూడ్రైవర్లు రెండు తీసుకుని, మొనలు అరగదీసి రెండుగా చీల్చి తెచ్చాను. దాన్ని కాడ పక్కన నిలువుగా దించి, మట్టి కొంచెం వదులు చేసి, వేలితో తడుముకుంటూ కిందికి వెళ్ళాలి. మొదటి గడ్డ తగులుతుంది. అక్కడ ఆగకూడదు. దాని అడుగు నుంచి పక్కకు పోయే తీగ పట్టుకుని రెండోదాని దగ్గరికి, అక్కణ్ణుంచి మూడోదాని దగ్గరికి వెళ్ళాలి. చిట్టచివరిది వదులయ్యేదాకా లాగకూడదు. తీసినవి డబ్బాలో వేయాలి, ఒక్కటి జారి నేల మీద పడినా మొదటికొస్తుంది. వాటిని గిల్లితే మా ఆవిడ చీర కొంగులో వచ్చే మందుల వాసనలాంటి ఘాటు వచ్చేది.

మామయ్య ఆ పనికే పుట్టినట్టున్నాడు. వరుస తర్వాత వరుస చదువుకుంటూ పోయినట్టు ఒక చివర నుంచి వచ్చేవాడు. నాకు తొందర ఎక్కువ. నేను తీగ తెంపిన ప్రతిసారీ నాలుక చప్పరించి, ఊరికే పట్టుకుని ఉండు, అదే వస్తుంది అనేవాడు. నా మీద కూడా ఆయన అదే పద్ధతి నడుపుతున్నాడని నాకు తట్టలేదు.

ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుంటే వాతావరణం తప్ప మాట్లాడుకోలేని మగవాళ్ళు, పక్కపక్కన కూర్చుని చేతులకు పని పెట్టుకుంటే కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. ఆయన అత్తయ్య పోయిన రోజుల గురించి చెప్పాడు. ఆమె పోయాక మొదటి రెండు నెలలు ఇంట్లో రేడియో ఆపలేదట, ఎవరో ఒకరి గొంతు వినబడాలని. ఆ రెండు నెలలూ కూతురు సెలవు పెట్టి ఇంట్లోనే ఉందట. నేను మా నాన్న గురించి చెప్పాను. మా ఇంట్లో నలుగురు అన్నదమ్ముల్లో నా మాటకు ఎప్పుడూ విలువ లేకపోవడం గురించి చెప్పాను. మా ఆవిడకు కూడా అలాంటివి విప్పి చెప్పలేదు. అలా చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఒక రోజు పొట్టోడి సంగతీ చెప్పేశాను.

పొట్టోడు ఒకప్పుడు మా ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. నాకు పని నేర్పింది అతనే. ఉద్యోగం మానేసి, రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే ఓడరేవు ఊళ్ళో సొంతంగా మిషన్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో వీధి వీధికీ కుట్టుపనివాళ్ళే. ఒక్కణ్ణే చేసుకోలేకపోతున్నాను, భాగస్వామిగా రా, షాపు మీద రెండు గదులున్నాయి, మీరిద్దరూ ఉండొచ్చు అని ఫోన్ చేశాడు. వానలు తగ్గేలోపు ఏదో ఒకటి తేల్చమన్నాడు, ఆ తర్వాత ఆగలేనన్నాడు. అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. నా పేరున్న బోర్డు, నేనే మూసుకుని నేనే తెరుచుకునే తలుపు, నా ఇష్టమొచ్చినంత వేగంగా తిరిగే ఫ్యాను. జీవితంలో నేను అంత గట్టిగా కోరుకున్నది ఇంకొకటి లేదు, మా ఆవిడను తప్ప.

చెబుతున్నంతసేపూ మామయ్య తల ఎత్తలేదు. ఒక తీగ వెంట వెళుతున్నాడు. అది గడ్డలతో సహా ముక్క మిగలకుండా బయటికి వచ్చాక, డబ్బాలో వేసి, చేతులు దులుపుకున్నాడు.

"అమ్మాయికి చెప్పావా?"

ఇంకా లేదని, ఈ సెలవు రోజున చెబుదామనుకుంటున్నానని అన్నాను.

"చెప్పకు. అది నా కూతురు, దాని సంగతి నాకు తెలుసు. ఉన్నట్టుండి అడిగితే వద్దంటుంది. ఒకసారి వద్దందంటే బ్రహ్మ దిగివచ్చినా వినదు. సమయం చూసి నేను చెవిలో వేస్తాను."

నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఉన్న ఒక్క కూతుర్నీ దూరం పంపడానికి తండ్రే ముందుకొస్తున్నాడు. మీకు కష్టంగా ఉండదా మామయ్యా అని అడిగితే, మీరు బాగుంటే అంతకంటే ఏం కావాలి అన్నాడు. నా కళ్ళు తడిశాయి. చేతులకు మట్టి, మోచేత్తో తుడుచుకున్నాను.

ఆ రోజు నుంచి మా కబుర్లన్నీ ఆ షాపు చుట్టూనే. ఆయన అడగడం, నేను చెప్పడం. గదులకు గాలీ వెలుతురూ ఉన్నాయా, కిటికీ వీధి వైపా సముద్రం వైపా, పొట్టోడు తాగుతాడా, మాట మీద నిలబడే మనిషేనా అని అడిగేవాడు. ఒక రోజు, పెద్దవాణ్ణి నేనూ ఒక మాట మాట్లాడితే అతనికీ ధైర్యంగా ఉంటుంది, నంబరు ఇవ్వు అన్నాడు. కళ్ళజోడు లోపల మర్చిపోయానన్నాడు. ఆయన ఫోను తీసుకుని నా చేతులతో నేనే నంబరు ఎక్కించి ఇచ్చాను.

మా ఆవిడ రాత్రి భోజనం దగ్గర రోజూ ఒకే ప్రశ్న అడిగేది, పొద్దున్నే నువ్వూ నాన్నా అంతసేపు ఏం మాట్లాడుకుంటారు అని. తుంగ గురించి అనేవాణ్ణి. మొదట్లో నవ్వేది. గడ్డి గురించి అన్ని కబుర్లుంటాయా అనేది. కొంచెం ఓపిక పట్టు, మీ నాన్నే చెబుతాడు అని మనసులో అనుకుని ముద్ద మింగేవాణ్ణి. పోనుపోను ఆమె నవ్వడం మానేసింది. అడగడం మాత్రం మానలేదు. చెయ్యి కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగేది. తుంగ అనగానే సరే అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయేది. షాపులో పని ఎక్కువై అలసిపోతోందనుకున్నాను.

ఒక పొద్దున ఆమె ఎప్పుడూ లేనిది తెల్లవారుతూనే లేచి, టీ కప్పు పట్టుకుని గడప దాటి వచ్చింది. నేను ఆ గదుల మెట్లు ఎంత ఇరుకో చేతులతో చూపించి చెబుతున్నాను. ఆమెను చూడగానే నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి. మామయ్య మాత్రం తడబడలేదు. ఈ గడ్డ చూడమ్మా ఎంతుందో అని డబ్బాలోంచి ఒకటి తీసి చూపించాడు. ఆమె కప్పు గట్టు మీద పెట్టి, మా మధ్య గొంతుక్కూర్చుని, ఒక తుంగ కాడను పట్టుకుని లాగింది. పుటుక్కున తెగింది. ఇది నీకు చేతకాదు తల్లీ, వెళ్ళి పడుకో అన్నాడు ఆయన. ఆమె తెగిన ఆకును చేతిలో పట్టుకుని నన్నొకసారి, ఆయన్నొకసారి చూసింది. టీ తాగకుండానే లోపలికి వెళ్ళింది. ఆమె వెళ్ళాక మేమిద్దరం దొంగతనం చేసి తప్పించుకున్న పిల్లల్లా నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంకో రోజు, ఆమె సెలవు రోజున, గొడుగు కొనడానికి బజారుకు వెళ్ళాం. కొన్న గొడుగు విప్పేలోపే జోరువాన పట్టుకుంది. బస్టాపు రేకు కింద నిలబడ్డాం. చూరు నీళ్ళు మా కాళ్ళ ముందే ధారగా పడుతున్నాయి. ఆమె వాన వైపు చూస్తూ, మనం ఎప్పటికైనా వేరే ఇల్లు చూసుకుంటామంటావా అని అడిగింది. అడిగి, నా చెయ్యి పట్టుకుంది. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వానా, రేకు మీద చప్పుడూ, నా చేతిలో ఆమె చెయ్యీ, చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా. కానీ నోరు జారితే మొదటికొస్తుందని మామయ్య అంతకుముందు రోజే హెచ్చరించాడు. మెల్లగా దారిలోకి వస్తోంది, నువ్వు చెడగొట్టకు అన్నాడు. నేను, చూద్దాంలే అన్నాను. ఆమె చెయ్యి తీసేసుకుని గొడుగు విప్పింది.

పచ్చిక మాత్రం నిజంగానే దారిలోకి వచ్చింది. ఒకసారి తీసిన చోట తుంగ మళ్ళీ లేచేది, కానీ ఈసారి పాలిపోయి, పీలగా లేచేది. మూడోసారికి ఎక్కడో ఒకటీ అరా. బోసిపోయిన చోట్ల గట్టు పక్కనున్న మంచి గడ్డి తీగలు తెచ్చి నాటాం. అవి పాకి ఖాళీలన్నీ కప్పేశాయి. పక్కింటి డ్రైవరు గోడ మీద మోచేతులు ఆనించి, మామా అల్లుళ్ళు ఇంత కలిసిమెలిసి ఉండటం ఎక్కడా చూడలేదండీ, మా మామ నాతో మాట్లాడి రెండేళ్ళయింది అన్నాడు. మామయ్య మట్టి చేత్తోనే నా భుజం తట్టాడు.

"కొడుకు లేని లోటు తీర్చాడయ్యా."

ఆ చొక్కా ఉతకడానికి వేయకుండా మర్నాడు కూడా అదే తొడుక్కుని ఫ్యాక్టరీకి వెళ్ళాను.

వానలు తెరిపిచ్చాయి. ఎండలు మొదలయ్యాయి. మామయ్య ఇంకా సమయం చూస్తూనే ఉన్నాడు. గడువు దాటిపోతోందని నాకు కాలు ఒకచోట నిలవలేదు. కనీసం నేను వస్తున్నానని పొట్టోడికి ఖాయంగా చెప్పి, మా ఆవిడ సంగతికి ఇంకొంచెం వ్యవధి అడుగుదామని, మధ్యాహ్నం భోజనం వేళ ఫ్యాక్టరీ మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. అతని గొంతు ఎప్పటిలా లేదు. ఎలా ఉన్నావు, పాత మిషన్లు ఇంకా నడుస్తున్నాయా అని పైపైన మాట్లాడాడు. నేనే షాపు మాట కదిపాను.

"మీ మామగారు చెప్పారు కదరా," అన్నాడు.

"ఏమని?"

"నీకు రావాలని లేదని. పని నేర్పినవాణ్ణని నా మొహం మీద కాదనలేక తిప్పుతున్నావని. మళ్ళీ మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టొద్దన్నారు. వేరే కుర్రాణ్ణి పెట్టుకున్నా, భార్యతో సహా వచ్చి పైన దిగాడు కూడా. పర్లేదులే. కాకపోతే ఆ మాట నువ్వే చెప్పుంటే బాగుండేది."

సరే అన్నాను. మా మామ అబద్ధం చెప్పాడు అనడానికి నోరు రాలేదు. అన్నా ఏం లాభం, ఆ గదుల్లో ఎవరో కాపురం పెట్టేశారు. ఆయన ఎప్పుడు ఫోన్ చేశాడని మాత్రం అడిగాను. వానలు ముమ్మరంగా ఉన్నప్పుడే అన్నాడు. అంటే నేను నంబరు ఎక్కించి ఇచ్చిన వెంటనే. పని ముగించుకుని వచ్చి, ఆ తర్వాత ఎన్ని పొద్దులు నా పక్కన కూర్చుని, కిటికీలకు ఏ రంగు పరదాలు కడతారు అని అడిగాడో. నీలం అని చెప్పాను. నీలం బాగుంటుంది, చల్లగా ఉంటుంది అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ మెట్ల మీద నాకు తెలిసొచ్చింది.

లోపలికి వెళ్ళి, సూదులు విరుగుతున్నాయని పక్కన పెట్టిన మిషను విప్పి బాగుచేశాను. దాని మీద కుట్టే అమ్మాయి, బాగా నడుస్తోందన్నా అంది. నడవక ఏం చేస్తుంది అన్నాను. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది.

ఆ రోజు మా ఆవిడ షాపుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. నేను వీధి వైపు నుంచి వెళ్ళలేదు. ఆయన ముందు పచ్చికలో ఉంటాడని తెలుసు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళాను. ఆమె తీగ మీద ఆరిన బట్టలు తీస్తోంది. నిలబడిన చోటే అంతా చెప్పేశాను. పొట్టోడు, షాపు, రెండు గదులు, నంబరు, ఇవాళ్టి ఫోను, అన్నీ. ఆమె ఒక దుప్పటి మడత పెడుతూ వింది. ఆశ్చర్యపోలేదు. ముందు నాకు తగిలిన దెబ్బ అదే.

"నాకు తెలుసు. మొదట్లోనే నాన్న చెప్పాడు. నువ్వు వేరే ఊరు చూసుకుంటున్నావని, ఆ సంగతి నాకు తెలియకూడదన్నావని. నువ్వు అడక్కు, తనంతట తాను చెబుతాడేమో చూద్దాం అన్నాడు. చూశాను. రోజూ అడిగాను ఏం మాట్లాడుకున్నారని. రోజూ తుంగ అన్నావు."

నీకు చెప్పొద్దన్నది ఆయనేనని అన్నాను. నాన్న అలా ఎందుకంటాడు అంది. నన్ను ఆపడానికి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మొగుడు తనను వదిలేసి వెళ్ళే ఏర్పాట్లలో ఉన్నాడేమోనని అన్ని వారాలు లోపల కుళ్ళిపోయిన మనిషి, అదే మొగుడు వచ్చి తప్పు మీ నాన్నదంటే ఎలా నమ్ముతుంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. సూటిగా ఒక్కసారి, నువ్వు వెళుతున్నావటగా అని అడిగి ఉండొచ్చు కదా. ఆమె కూడా నన్ను ఆ మాటే అనొచ్చు. ఇద్దరి నోళ్ళూ ఒక్క మనిషే కట్టేసి, మధ్యలో కూర్చుని ఇద్దరి మాటలూ విన్నాడు.

ఆమె దుప్పటి బుట్టలో పడేసి ఇంటి పక్కగా ముందుకు నడిచింది. నేను వెనకాల వెళ్ళాను.

మామయ్య కొత్త మట్టి పోసిన మూలలో వంగి చూస్తున్నాడు. మా అడుగుల చప్పుడుకు తలెత్తి, నన్ను చూసి నవ్వాడు. ఒక్కటి లేదు చూడు, మొత్తం అయిపోయింది అన్నాడు. నిజమే. పచ్చిక ఒత్తుగా, నున్నగా, ఎక్కడా ఒక్క నిలువు పోచ లేకుండా పరుచుకుని ఉంది. అందులో ప్రతి జానెడు చోటా నేను ఈయనకు ఏదో ఒకటి చెప్పుకున్న చోటే.

"నాన్నా," అంది మా ఆవిడ. "నాకు చెప్పొద్దని ఈయనతో అన్నది నువ్వేనా?"

ఆయన బుకాయిస్తాడనుకున్నాను. బుకాయిస్తే బాగుండు అని కూడా అనుకున్నాను. అప్పుడు నేను కేకలు వేసేవాణ్ణి, నాలుగు మాటలు అని కాస్త ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నేనే అన్నాను."

"ఎందుకు?"

ఆయన కూతురి వంక చూశాడు. ఆ మొహంలో సిగ్గు లేదు, భయం లేదు. ఇంత తెలిసిన విషయం అడుగుతోందేమిటన్నట్టు ఉంది.

"చెబితే నువ్వు వెళ్ళేదానివి కదమ్మా."

ఆ మాట నాకు ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. దాని సంగతి నాకు తెలుసు అన్నాడు ఆ రోజు. తెలుసు. వద్దంటుందని కాదు, అడిగిన క్షణంలో సరే అంటుందని తెలుసు. నేను వానాకాలమంతా లేని గోడకు భయపడి నోరు మూసుకుని కూర్చున్నాను. ఏ ఒక్క రాత్రి భోజనం దగ్గరైనా, ఆ బస్టాపు రేకు కిందైనా, ఒక్క మాట అని ఉంటే ఈపాటికి ఆ గదుల్లో మా సామాను ఉండేది.

మా ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు.

"వెళ్ళేదాన్నే," అంది.

ఆ మాట వినాలనే నేను ఆ వానలన్నీ కాచుకుని కూర్చున్నాను. ఆమె అది వాళ్ళ నాన్నతో అంది. నా వైపు తిరగను కూడా తిరగలేదు.